మిఠాయి పెట్టె ఎప్పుడు గేటు దాటుతుంది

అమృత్‌సర్ నుంచి పడమటికి సుమారు 30 కిలోమీటర్లు వెళితే అటారీ వస్తుంది. రోడ్డుకు అడ్డంగా రెండు ఇనుప గేట్లు ఎదురెదురుగా ఉంటాయి, ఒకటి భారత్‌ది, ఒకటి పాకిస్థాన్‌ది. రెండింటి నడుమ నేల మీద గీసిన తెల్లని గీత. మామూలు సంవత్సరాల్లో పండుగ పూట ఆ గేట్లు తెరుచుకుంటాయి. ఇటు నుంచి సరిహద్దు భద్రతా దళం (బీఎస్‌ఎఫ్) అధికారి, అటు నుంచి పాకిస్థాన్ రేంజర్ల అధికారి గీత దాకా నడిచి వస్తారు. సెల్యూట్, కరచాలనం, ఆపైన మిఠాయి పెట్టెల మార్పిడి. కెమెరాల కోసం ఒక్క క్షణం ఆగి, ఎవరి దారిన వారు వెనక్కి వెళతారు. కాసేపట్లో అంతా అయిపోతుంది. మర్నాడు పత్రికల్లో ఆ ఫొటో వస్తుంది.

ఆ ఫొటోను చూసేవారు సాధారణంగా రెండు జట్లుగా విడిపోతారు. ప్రభుత్వాలు ఎంత కొట్టుకున్నా మనుషుల మధ్య పగ లేదని, యూనిఫాం లోపల మనసు ఉందని ఒక జట్టు మురిసిపోతుంది. నిన్న మనవాళ్ల మీద కాల్పులు జరిపినవారికి ఇవాళ లడ్డూలు పెడతారా అని ఇంకో జట్టు మండిపడుతుంది. వీరిద్దరూ పొరపడేది ఒకేచోట. పెట్టెను అందించేది జవాను చెయ్యే గాని, దాన్ని పంపేది జవాను మనసు కాదు. ఏ పండుగకు ఇవ్వాలి, ఏ గేటు దగ్గర ఇవ్వాలి, ఈసారి అసలు ఇవ్వాలా వద్దా అన్నది పైనుంచి వచ్చే ఆదేశం. కాబట్టి ఆ పెట్టెలో వెతకవలసింది ప్రేమను కాదు, సమాచారాన్ని. రెండు ప్రభుత్వాలు ఆ వారంలో ఒకదాన్ని మరొకటి ఎలా చూస్తున్నాయో అది చెబుతుంది. నోటితో చెప్పలేనిదాన్ని, చెప్పకూడదనుకున్నదాన్ని కూడా చెబుతుంది.

అటారీలోనే రోజూ సాయంత్రం జరిగే జెండా అవనత కవాతును చూస్తే ఈ సంగతి ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. అది 1959 నుంచి సాగుతోంది. బీఎస్‌ఎఫ్ ఏర్పడింది 1965 డిసెంబరు 1న, అంటే కవాతు ఆ దళం కంటే పాతది. కాళ్లు తల ఎత్తు దాకా లేపి నేలను బాదడం, ఛాతీ విరుచుకోవడం, ఎదుటివాడిని కళ్లతోనే కాల్చేసేలా చూడడం చూసి జనం ఊగిపోతారు. కానీ రెండు జెండాలు ఒకే సమయంలో, ఒకదాని కంటే మరొకటి ఎత్తులో లేకుండా దిగాలంటే తాడు లాగే వేగం కుదరాలి, అడుగుల లెక్క కుదరాలి, గడియారం కుదరాలి. ఎదుటివాడు సహకరించకపోతే ఆ కోపం రక్తి కట్టదు. మిఠాయి పెట్టె కూడా ఇటువంటి ఏర్పాటే. కాకపోతే అక్కడ కళ్లురుముతారు, ఇక్కడ నవ్వుతారు.

శత్రువుల మధ్య పండుగ పలకరింపు అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది 1914 నాటి క్రిస్మస్. ఆ కథను చాలామంది సరిహద్దు మిఠాయిల పక్కన పెట్టి, రెండూ ఒకటేనని రాస్తుంటారు. నిజానికి రెండూ పరస్పరం విరుద్ధమైనవి.

మొదటి ప్రపంచ యుద్ధం మొదలై అప్పటికి అయిదు నెలలైనా కాలేదు. బెల్జియంలోని ఈప్ర్ పరిసరాల నుంచి ఫ్రాన్స్ లోపలి దాకా బ్రిటిష్, జర్మన్ సైనికులు ఎదురెదురు కందకాల్లో మోకాటి లోతు బురదలో కూరుకుపోయి ఉన్నారు. కొన్నిచోట్ల ఇరుపక్షాల మధ్య వంద గజాల దూరం కూడా లేదు. పండుగకు యుద్ధం ఆపమని పోప్ 15వ బెనెడిక్ట్ డిసెంబరు 7న కోరితే ప్రభుత్వాలు పట్టించుకోలేదు. శత్రువుతో చనువు పెరిగితే సైనికుడిలో పోరాట పటిమ సన్నగిల్లుతుందని బ్రిటిష్ సేనాని స్మిత్ డోరియన్ అంతకు రెండు రోజుల ముందే హెచ్చరిక జారీ చేశాడు కూడా. అయినా డిసెంబరు 24 రాత్రి జర్మన్ కందకాల అంచుల మీద చిన్న క్రిస్మస్ చెట్లు, కొవ్వొత్తులు వెలిగాయి. పాటలు వినిపించాయి. మర్నాడు ఇరువైపుల వాళ్లూ బయటికి వచ్చి సిగరెట్లు, కోటు గుండీలు ఇచ్చిపుచ్చుకున్నారు. వారాల తరబడి ఇరుపక్షాల కందకాల మధ్య నేలలో పడి ఉన్న శవాలను పాతిపెట్టుకున్నారు. సుమారు లక్ష మంది అందులో పాలుపంచుకున్నారని అంచనా. అదే రోజు వేరేచోట్ల మామూలుగానే తుపాకులు పేలాయని, మనుషులు చచ్చిపోయారని మాత్రం ఈ కథ చెప్పేటప్పుడు ఎక్కువగా వదిలేస్తారు.

ఆ కథలో మనవాళ్లూ ఉన్నారు. న్యూవ్ షాపెల్ దగ్గర కందకాల్లో ఉన్న 39వ గఢ్వాల్ రైఫిల్స్ సిపాయిలు ఆ రోజు మధ్య నేలలోకి వెళ్లి జర్మన్లను కలిశారు. హిమాలయ పల్లెల నుంచి వెళ్లిన ఆ హిందువులకు క్రిస్మస్ తమ పండుగ కాదు. అయినా ఆ పలకరింపు జరిగింది. అవసరపడింది పండుగ మీది భక్తి కాదు, ఇవాళ ఆగవచ్చు అని అందరికీ ఒకేసారి తెలిసిన ఒక తేదీ. ఈ ముక్క తర్వాత మళ్లీ అవసరమవుతుంది.

పై అధికారులు ఆ ముచ్చటను ఒక్క ఏడాదికి మించి సాగనివ్వలేదు. 1915 క్రిస్మస్‌కు ముందే కఠినమైన ఉత్తర్వులు వెళ్లాయి. అయినా కాసేపు కాల్పులు ఆపడానికి ఒప్పుకున్న స్కాట్స్ గార్డ్స్ కెప్టెన్ ఇయాన్ కోల్‌హూన్‌ను సైనిక న్యాయస్థానం ముందు నిలబెట్టారు. మందలింపుతో సరిపెట్టినా, అందరికీ అర్థం కావలసింది అర్థమైంది. కొన్ని కందకాల్లో ‘నువ్వు కాల్చకు, నేను కాల్చను’ అన్న మౌన ఒప్పందాలు ఆ తర్వాతా నడిచాయి. భోజనం వేళ కాల్పులు ఉండేవి కావు. ఫిరంగులు రోజూ ఒకే సమయానికి, ఒకే చోట, ఎవరికీ తగలకుండా పేలేవి. వాటిని విరగ్గొట్టడానికి సైన్యాధికారులకు దొరికిన ఉపాయం రాత్రిపూట కందకాల మీద దాడులు చేయించడం. దాడికి వెళ్లినవాడు ఎవరినైనా చంపి రావాలి, లేదా పట్టుకొని రావాలి. రెండు శవాలు పడితే మౌన ఒప్పందం దానంతటదే పోతుంది.

అంటే 1914లో జరిగింది కింది నుంచి పుట్టింది, ఆదేశాన్ని ధిక్కరించి పుట్టింది, అందుకే ఒక్క చలికాలంలో అణగిపోయింది. అటారీలో జరిగేది పైనుంచి దిగింది, ఆదేశం ప్రకారం నడుస్తుంది, అందుకే ఆగుతూ సాగుతూ ఇన్ని దశాబ్దాలు బతికింది. మొదటిదానిలో మనుషులు కనిపిస్తారు, రెండోదానిలో ప్రభుత్వాలు కనిపిస్తాయి. ఏది గొప్పదన్న చర్చ కంటే ఒకదాని కీర్తిని తెచ్చి మరొకదానికి తొడగకుండా ఉండడం ముఖ్యం.

మరి ప్రభుత్వాలకు పండుగతో ఏం పని? ఇక్కడే గఢ్వాలీల సంగతి అక్కరకు వస్తుంది. పోట్లాటలో ఉన్న ఇద్దరిలో ముందుగా మాట కలిపినవాడు మెత్తబడినట్టు లెక్క. ఇళ్లలోనూ అంతే, సరిహద్దులోనూ అంతే. పండుగ ఆ ఇబ్బందిని తీసేస్తుంది. ముందుగా పలకరించింది నువ్వూ కాదు, నేనూ కాదు, పంచాంగం. దీపావళి ఎప్పుడో ముందే తెలుసు, నెలవంక ఎవరి మాటా వినదు. ఎవరూ తగ్గకుండా ఇద్దరూ ఒక్కో అడుగు వేయడానికి అంతకంటే మంచి సాకు దొరకదు.

ఆ సాకు ఎంత పెద్ద పనికి ఉపయోగపడుతుందో 2003లో తెలిసింది. పార్లమెంటుపై దాడి తర్వాత రెండు సైన్యాలూ నెలల తరబడి సరిహద్దులో మోహరించి వెనక్కి వచ్చాయి. నియంత్రణ రేఖ వెంబడి ఫిరంగుల మోత మాత్రం ఆగలేదు. 2003 నవంబరు 23న పాకిస్థాన్ ప్రధాని జఫరుల్లా జమాలీ రంజాన్ పండుగను పురస్కరించుకొని కాల్పుల విరమణ ప్రకటించారు. భారత్ ఒప్పుకోవడమే కాదు, సియాచిన్‌లో సైన్యాలు ఎదురెదురుగా ఉన్న రేఖకు కూడా దాన్ని వర్తింపజేద్దామంది. నవంబరు 25 అర్ధరాత్రి నుంచి కాల్పులు ఆగాయి, మర్నాడే పండుగ. యుద్ధ అలసట, అంతర్జాతీయ ఒత్తిడి, రానున్న ఇస్లామాబాద్ సార్క్ సదస్సు ఇవన్నీ అసలు కారణాలు. పండుగ వాటికి తొడిగిన చొక్కా. ఆ ప్రశాంతతలోనే భారత్ నియంత్రణ రేఖ వెంబడి కంచె నిర్మాణాన్ని చకచకా ముందుకు నడిపి 2004లో పూర్తి చేసిందన్నది కూడా అదే కథలో భాగం. ఆగిన తుపాకుల మాటున ముళ్ల తీగ సాగింది.

జాతీయ దినాల మిఠాయిలు మరింత విచిత్రమైనవి. ఆగస్టు 14న పాకిస్థాన్ స్వాతంత్ర్య దినం, ఆ రోజు రేంజర్లు పెట్టెలు ఇస్తారు. 15న మన వంతు. దేశ విభజన రక్తపాతంలో పుట్టిన రెండు తేదీలు ఇరవై నాలుగు గంటల తేడాతో ఒకే గేటు దగ్గర మిఠాయిలుగా మారతాయి. దీపావళి లడ్డూ తీసుకోవడంలో రాజకీయం తక్కువ. ఎదుటి దేశం పుట్టినరోజు మిఠాయి అందుకోవడం అంటే దాని ఉనికిని ఏటా ఒకసారి చేతితో తాకి ఒప్పుకోవడం.

అయితే ఆనవాయితీ నడిచిన రోజుల కంటే ఆగిన రోజులే ఎక్కువ మాట్లాడతాయి. పేరంటంలో ‘ఇస్తినమ్మా వాయనం’ అన్న మాటకు ‘పుచ్చుకుంటినమ్మా వాయనం’ అన్న జవాబు రావాలి. జవాబు రాకపోతే అది వాయనం కాదు, అవమానం. 2015 జులైలో రష్యాలోని ఉఫాలో ఇరు దేశాల ప్రధానులు కలుసుకొని సంయుక్త ప్రకటన చేశారు. పట్టుమని పది రోజులు కాకముందే సరిహద్దులో కాల్పులు చెలరేగాయి. ఆ రంజాన్ పండుగకు బీఎస్‌ఎఫ్ ఇవ్వజూపిన మిఠాయిలను రేంజర్లు తీసుకోలేదు. అదే నెలలో పాకిస్థాన్ ప్రధాని నుంచి భారత ప్రధానికి మామిడిపళ్లు మాత్రం వచ్చాయి. పైన పళ్లు పుచ్చుకుంటూ, కింద మిఠాయి తిప్పికొట్టడం ఎలా సాధ్యం? రెండు పెట్టెలూ రెండు వేర్వేరు వాక్యాలు కాబట్టి. ఒకటి రాజధానుల మధ్య మాట, మరొకటి ఆ వారం సరిహద్దులో జరిగినదానికి జవాబు.

ఆ తర్వాతి జాబితా వేగంగా పెరిగింది. 2016 సెప్టెంబరు 18న ఉరీ స్థావరంపై దాడిలో 19 మంది జవాన్లు మరణించారు. 29న సర్జికల్ దాడుల ప్రకటన వచ్చింది. ఆ దీపావళికి అటారీలో మిఠాయిలు లేవు. 2018 గణతంత్ర దినానా లేవు. అదే ఏడాది మే 29న ఇరు సైన్యాల సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరల్స్ మాట్లాడుకొని 2003 నాటి విరమణను అక్షరాలా పాటిస్తామన్నారు. జూన్ 13న సాంబా ప్రాంతంలో కాల్పులకు నలుగురు బీఎస్‌ఎఫ్ సిబ్బంది బలయ్యారు. మూడు రోజులకు పండుగ వచ్చింది, పెట్టెలు కదలలేదు.

వీటన్నిటిలోకి 2019 ఏడాదిని కాస్త నిదానంగా చూడాలి. ఆగస్టు 5న జమ్మూ కశ్మీర్ ప్రత్యేక ప్రతిపత్తి రద్దయింది. వారానికే వచ్చిన బక్రీద్‌కు మిఠాయిలు లేవు, స్వాతంత్ర్య దినాలకు లేవు, దీపావళికీ లేవు. సరిగ్గా ఆ దీపావళికి మూడు రోజుల ముందు, అక్టోబరు 24న, కర్తార్‌పూర్ కారిడార్ ఒప్పందం మీద రెండు దేశాలూ సంతకాలు చేశాయి. నవంబరు 9న వీసా లేకుండా సిక్కు యాత్రికులు సరిహద్దు దాటి గురునానక్ చివరి రోజులు గడిపిన చోటుకు వెళ్లడం మొదలైంది. అంత పెద్ద దారి తెరిచినవారికి ఒక మిఠాయి పెట్టె ఇచ్చుకోవడం కష్టమా? కష్టం కాదు, కానీ అనవసరం. కర్తార్‌పూర్ దారి వెనుక పంజాబ్‌లో కోట్లమంది ఆశ ఉంది, ఆపితే రాజకీయంగా ఖరీదు ఉంది. మిఠాయి ఆపితే ఎవరి వ్యాపారమూ దెబ్బతినదు, ఏ ప్రయాణికుడూ చిక్కుకుపోడు, ఏ ఒప్పందమూ విరగదు. కోపం చూపించడానికి ఇంతకంటే చవకైన మార్గం లేదు. అందుకే సంబంధాలు చెడిన ప్రతిసారీ మొదట ఆగిపోయేవాటిలో ఇది ఉంటుంది.

దీనికి పూర్తి భిన్నమైన మార్పిడి ఒకటి ఉంది. దానికి ఫొటో ఉండదు, రుచీ ఉండదు. ఒకరి అణు కేంద్రాల మీద మరొకరు దాడి చేయకూడదని 1988లో కుదిరిన ఒప్పందం ప్రకారం, 1992 నుంచి ప్రతి జనవరి 1న భారత్, పాకిస్థాన్ తమ అణు కేంద్రాల జాబితాలను ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. కార్గిల్ జరిగినా, 2002 జనవరిలో సరిహద్దు నిండా ట్యాంకులు ఉన్నా, పుల్వామా, బాలాకోట్ జరిగినా ఆ కాగితాలు ఆగలేదు. కాగితానికి ఒప్పందం ఉంది, మిఠాయికి లేదు. ఆపడానికి వీలులేనిది నమ్మకం గురించి ఏమీ చెప్పలేదు. ఆపడానికి వీలున్నది కాబట్టే మిఠాయి చెప్పగలుగుతోంది.

‘నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికెలా తెల్లవారుతుంది’ అందట వెనకటికొక అవ్వ. మిఠాయిలే శాంతిని తెస్తాయనుకోవడం అలాంటిదే. తేదీల వరస చూడండి. 2020లో పాకిస్థాన్ వైపు నుంచి 5,133 కాల్పుల విరమణ ఉల్లంఘనలు జరిగాయని భారత ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. 2021 ఫిబ్రవరి 25న రెండు సైన్యాలూ సంయుక్త ప్రకటన చేసి కాల్పులు ఆపాయి. అటారీలో మళ్లీ పెట్టెలు చేతులు మారింది జులై 21న, బక్రీద్ నాడు. పూంచ్ దగ్గర నియంత్రణ రేఖ మీద సైన్యాలు కూడా ఆ రోజే ఇచ్చిపుచ్చుకున్నాయి. మధ్యలో అయిదు నెలలు. ముందు తుపాకి ఆగింది, ఆగిందని నమ్మకం కుదిరింది, ఆపైన మిఠాయి వచ్చింది.

చైనా సరిహద్దులోనూ 2024లో ఇదే వరస. తూర్పు లద్దాఖ్‌లోని దెప్సాంగ్, దెమ్‌చోక్‌లలో గస్తీపై అవగాహన కుదిరిందని అక్టోబరు 21న ప్రకటన వెలువడింది, 31న దీపావళి నాడు చుషుల్-మోల్డో సహా పలుచోట్ల భారత, చైనా సైనికులు మిఠాయిలు పంచుకున్నారు. అక్కడి ఏర్పాటు కొంచెం వేరు. పాకిస్థాన్‌తో మనకున్నట్టు చైనాతో ఉమ్మడి పండుగలు లేవు. కాబట్టి చుషుల్, దౌలత్ బేగ్ ఓల్డీ, నాథూలా, బుమ్‌లా, కిబితు వంటి అయిదు సమావేశ స్థలాల్లో నూతన సంవత్సరం, ఇరు దేశాల జాతీయ దినాలు, ఆగస్టు 1 నాటి చైనా సైనిక దినం వంటి తేదీలతో సర్దుకుంటారు. 2017లో డోక్లాం దగ్గర రెండు సైన్యాల మధ్య ప్రతిష్టంభన నడుస్తుండగా ఆగస్టు 15 వేడుక సమావేశం జరగలేదు.

ఈ వరసకు ఒక మినహాయింపు ఉంది, దాచడం న్యాయం కాదు. 2020 జూన్ 15న లద్దాఖ్‌లోని గల్వాన్‌లో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో 20 మంది భారత జవాన్లు మరణించారు. భారత్, చైనాల మధ్య ఉన్న వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపు కాల్పులు జరపకూడదని 1996 ఒప్పందం చెబుతోంది, ఆ రాత్రి రాళ్లు, మేకులు దిగిన కర్రలు వాడారు. లద్దాఖ్ ప్రతిష్టంభన తేలకుండానే 2022 జనవరి 1న సరిహద్దులో పది చోట్ల రెండు సైన్యాలూ మిఠాయిలు పంచుకున్నాయి. అంటే ఇక్కడ మిఠాయి ముందు వచ్చింది. దాని విలువ ఎంతో కూడా వెంటనే తేలింది. అదే కొత్త సంవత్సరం నాడు గల్వాన్‌లో తమ జెండా ఎగిరిందంటూ చైనా ప్రభుత్వ మాధ్యమాలు వీడియో ప్రచారం చేశాయి. సరిహద్దు ఒప్పందానికి ఇంకా దాదాపు మూడేళ్లు పట్టింది. వెనుక ఏమీ లేకుండా ముందు వచ్చిన పెట్టెలో మిఠాయి తప్ప ఏమీ ఉండదు.

బంగ్లాదేశ్ సరిహద్దులోనూ పెట్రాపోల్-బెనాపోల్ వంటిచోట్ల ఈ ఆనవాయితీ ఉంది. శత్రుత్వం లేనిచోట అది వార్త కాదు, అందుకే అంతగా కనిపించదు.

అలాగని ఇదంతా వట్టి తంతు అని కొట్టిపారేయలేం. పెట్టె అందించడానికి ఒక అధికారి గీత దాకా రావాలి, ఎదుటివాడి ముఖం చూడాలి, పేరు తెలియాలి. పంజాబ్‌లో కంచె అసలు సరిహద్దుకు ఇవతల ఉంటుంది. కంచె దాటి ఉన్న పొలాలను రైతులు బీఎస్‌ఎఫ్ అనుమతితో, నిర్ణీత వేళల్లో సాగు చేసుకుంటారు. పశువు దాటుతుంది, మతిస్థిమితం లేని మనిషి దాటుతాడు, వరదలో శవం కొట్టుకువస్తుంది. ఇలాంటివాటికి ఢిల్లీ, ఇస్లామాబాద్ దాకా వెళ్లనక్కరలేదు, ఇరువైపుల సరిహద్దు అధికారులు ముఖాముఖి కలిసే ఫ్లాగ్ మీటింగ్ చాలు. సైనిక కార్యకలాపాల అధిపతుల మధ్య ప్రతి మంగళవారం నడిచే ఫోను పెద్ద విషయాలకు, గేటు దగ్గరి పరిచయం చిన్న విషయాలకు. పండుగ పలకరింపు ఆ దారి మీద గడ్డి మొలవకుండా చూస్తుంది.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. 24 నుంచి అటారీ కవాతును కుదించారు. గేట్లు తెరవడం లేదు, కరచాలనం లేదు. మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలై, 10న కాల్పులు ఆగాయి. మే 20 నుంచి ప్రేక్షకులను మళ్లీ అనుమతించారు గాని, జెండా దించేటప్పుడు గేట్లు మూసే ఉంచారు. ఆగస్టు 14న అటు నుంచి, 15న ఇటు నుంచి మిఠాయిలు రాలేదు.

ఈ మధ్యలోనే ఇంకొకటి జరిగింది. పహల్గాం దాడి జరిగిన మర్నాడు ఫిరోజ్‌పూర్ సెక్టార్‌లో విధుల్లో ఉన్న ఒక బీఎస్‌ఎఫ్ జవాను పొరపాటున గీత దాటి రేంజర్లకు చిక్కాడు. నాలుగు రోజుల పోరు, డ్రోన్లు, క్షిపణులు అన్నీ అతను అక్కడ ఉండగానే జరిగాయి. మే 14న ఉదయం పదిన్నర ప్రాంతంలో, ఏ గేటు దగ్గర పండుగకు పెట్టెలు మారేవో అక్కడే, అలవాటైన పద్ధతిలోనే రేంజర్లు అతన్ని అప్పగించారు. మన అదుపులో ఉన్న పాకిస్థాన్ రేంజర్ ఒకరిని అదే రోజు ఇటు నుంచి అటు పంపారు.